ఒక రాత్రికి ఒక మంచం

(హనుమకొండలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు మైకు ముందు మాట్లాడే అలవాటు లేదు. ఇరవై ఏడేళ్ళు ప్రభుత్వాఫీసులో టైపు కొట్టాను. 1996లో మా ఆయన పోయాక కారుణ్య నియామకం కింద ఇచ్చిన ఉద్యోగం అది. నా దగ్గరికొచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం టి.ఏ. బిల్లులు. ఏ ఆఫీసరు ఏ తారీఖున ఏ రైలెక్కాడు, ఏ ఊళ్ళో ఏ గెస్ట్‌హౌసులో దిగాడు, రోజుకు భత్యమెంత అన్నీ నాకు తెలుసు. ఊళ్ళన్నీ నా మిషను మీదుగానే వెళ్ళాయి. నేను మాత్రం కదల్లేదు. 2023లో రిటైరయ్యాక మొదట అనుకున్నది ఒక టి.ఏ. బిల్లు లేని ప్రయాణం చేయాలని.

స్త్రీలు, ప్రయాణ స్వేచ్ఛ అన్న విషయం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం నాకు చేతకాదు. నేను ఒక మంచం గురించి మాట్లాడతాను.

2024 ఫిబ్రవరిలో కాశీకి వెళ్ళాను. ఒక్కదాన్నే. వెళ్తున్నానని చెప్పగానే మా వదినె, అంటే మా ఆయన అక్క, "మా తమ్మునికి పిండం పెట్టొస్తవా?" అనడిగింది. "గోదావరిల ఎప్పుడో పెట్టినం గదా వదినె, ఊరు చూడ్డానికి పోతున్న" అన్నాను. "ఆడ సూడనీకి ఏమున్నది? గల్లీలు, గంగ" అంది. అవే చూస్తానన్నాను. ఆమెకు నామీద కోపం కాదు, అర్థం కాలేదు, అంతే. మొగుడు పోయిన ఆడది కాశీకెళ్తే దానికి మన లోకంలో రెండే కారణాలున్నాయి. పోయినవాళ్ళకు కర్మ చెయ్యడం, లేదా తాను పోవడం. ఊరు చూడ్డమనే మూడో కారణం ఎవరి జాబితాలోనూ లేదు.

ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర మీలో చాలామంది చదివే ఉంటారు. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి, పల్లకీలు, బోయీలు, వంటవాళ్ళు, కుటుంబం, సుమారు వందమందితో వెళ్ళొచ్చాడాయన. ఎక్కడ దిగాలి, నీళ్ళున్నాయా, బియ్యం దొరుకుతుందా, ఆ పుస్తకం నిండా ఇదే. చదువుతుంటే నాకనిపించింది, ప్రయాణమంటే సగం నడక, సగం బస. ఆయనకు నడక కష్టం. మనకు బస కష్టం. ఇప్పుడు నడక పని రైలు చేసిపెడుతుంది. రైలు ఆడదా మగా చూడదు, టిక్కెట్టు చూస్తుంది. దిగిన తర్వాతే మన కథ మొదలవుతుంది.

ఖాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నా ఎదుటి బెర్తులో వరంగల్ ఎన్.ఐ.టి.లో చదివే ఒకమ్మాయి ఉంది. మాటల్లో, "ఆంటీ, ఎక్కడ దిగుతున్నారు?" అనడిగింది. మా అబ్బాయి హోటల్లో గది బుక్ చేశాడని చెప్పాను. "ఏమైనా తేడా వస్తే ఈ రెండింటికి ఫోన్ చెయ్యండి" అని రెండు నంబర్లు నా డైరీలో రాసింది. బ్యాక్‌ప్యాకర్స్ హాస్టళ్ళట. నేను నవ్వి ఊరుకున్నాను. హాస్టలంటే నాకు తెలిసింది వార్డెను, ఎనిమిదింటికి మూసే గేటు, నీళ్ళ పప్పు.

పొగమంచుకు రైలు ఐదుగంటలు ఆలస్యమైంది. మొగల్‌సరాయిలో దిగేసరికి చీకటి పడింది. 2018లో ఆ స్టేషను పేరు మార్చారు, ఇప్పుడు బోర్డు మీద దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుంది. ఆటోవాళ్ళు ఇంకా పాత పేరే అంటున్నారు. సరాయి అంటే బాటసారుల సత్రమే కదా, మంచి శకునం అనుకున్నాను. వంతెన దాటి గొదౌలియా వైపు హోటలుకు చేరేసరికి రాత్రి ఎనిమిదైంది.

కౌంటరు దగ్గరున్నతను నా ఆధార్ కార్డు చూశాడు, నా వెనక చూశాడు. ఎవరైనా వస్తారేమోనని కాసేపు తలుపు వైపు కూడా చూశాడు. తర్వాత హిందీలో, "మీరొక్కరేనా?" అన్నాడు. అవునన్నాను. "సింగిల్ లేడీకి ఇవ్వం. ఇది ఫ్యామిలీ హోటల్" అన్నాడు. బుకింగ్ కాగితం చూపించాను. "బుక్ చేసింది మగాయన పేరు మీద కదా" అన్నాడు. వాడు నా కొడుకు, నేను కూడా ఒక ఫ్యామిలీలోదాన్నే అని చెప్పాను. డబ్బు వాపసు వస్తుందని చెప్పి టీవీ చూడ్డం మొదలుపెట్టాడు.

నాకిది కొత్త కాదు. 1999లో డిపార్ట్‌మెంటు పరీక్ష రాయడానికి హైదరాబాదు వెళ్ళాను. నాంపల్లిలో మూడు లాడ్జీల్లో ఇదే మాట, తెలుగులో. మూడోచోట పెద్దమనిషి కొంచెం దయగా, "ఏం చెయ్యమంటావమ్మా, ఒంటరి ఆడమనిషి ఉరేసుకుంటే కేసు మామీదికొస్తది, లేకుంటే పోలీసులు రైడంటరు" అని విడమరిచి చెప్పాడు. అంటే ఒంటరి స్త్రీ గదిలోకి వెళ్ళి రెండే పనులు చేస్తుంది, చచ్చిపోతుంది లేదా వ్యభిచారం చేస్తుంది. నిద్రపోతుందని ఎవరికీ తట్టదు. ఆ రాత్రి స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగు హాల్లో కూర్చున్నాను. నాకు మర్నాటి రైలు టిక్కెట్టు లేదు, రూలు ప్రకారం కూర్చోనివ్వకూడదు. అక్కడ కాపలా ఉన్నావిడ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. పొద్దున్నే కుళాయి దగ్గర మొహం కడుక్కుని వెళ్ళి పరీక్ష రాశాను. పాసయ్యాను కూడా.

ఇంట్లో నేను ఎనిమిదేళ్ళ నుంచి ఒక్కదాన్నే పడుకుంటున్నాను, అబ్బాయి హైదరాబాదు వెళ్ళినప్పటి నుంచి. దానికెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒంటరితనం ఇంట్లో ఉన్నంతసేపు మన ఖర్మ. గడప దాటితే మన నేరం.

సరే, కాశీకి వస్తాను. హోటలు నుంచి బయటికొచ్చి అబ్బాయికి ఫోన్ చేస్తే, "స్టేషన్‌కెళ్ళి కూర్చో అమ్మా, పొద్దున రైలు చూస్తా" అన్నాడు. ఇరవై ఐదేళ్ళు గడిచినా స్టేషన్లో కూర్చోవడమే గతి అయితే నేనెందుకు వచ్చినట్టు? ఆటో అబ్బాయి ఒక సత్రానికి తీసుకెళ్ళాడు. మన తెలుగువాళ్ళదే. అక్కడ ముందు కులం అడిగారు. అడగడం కూడా ఎంతో మర్యాదగా, "మీరెవరమ్మా?" అని. చెప్పాక, "ఇది మావాళ్ళకే కట్టించిన సత్రం, పైగా ఒక్కరికి గది ఇచ్చే పద్ధతి లేదు" అన్నారు. నేను రెండు కారణాలతో అనర్హురాలిని. ఒకటి చాలదా అనుకున్నాను. చావడానికి వచ్చినవాళ్ళకు గది ఇచ్చి, చివరిరోజుల్లో చూసుకునే ఇళ్ళున్నాయి కాశీలో. బతికి తిరిగి వెళ్తానన్నదానికే దొరకడం కష్టం.

ఇక్కడ కొంచెం చట్టం సంగతి చెప్తాను, ఎందుకంటే ఆ రాత్రి నాకు తెలియక నోరు మూసుకున్నాను. వెనక్కి వచ్చాక చదివాను. మన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం ఉంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటి కారణంగా మాత్రమే ఏ పౌరుణ్ణీ దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళు, వినోదస్థలాల్లోకి రాకుండా ఆపకూడదు. హోటళ్ళు అన్న మాట అందులో రాసి ఉంది. ఇది సర్కారుకు మాత్రమే కాదు, హోటలు యజమానికి కూడా వర్తిస్తుంది. దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా తిరిగే హక్కు 19వ అధికరణంలో ఉంది. వయసొచ్చిన స్త్రీకి ఒంటరిగా గది ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. వాళ్ళు భయం చూపించే వ్యభిచార నిరోధక చట్టం 1956 నాటిది, అందులో కూడా లేదు.

అయితే "మాత్రమే" అన్న మాట దగ్గర మెలిక ఉంది. ఆడదానివని ఇవ్వనంటే తప్పు. ఒక్కదానివని ఇవ్వనంటే? ఒంటరి అన్న మాట రాజ్యాంగంలో లేదు. అందుకని వాళ్ళు ఆ మాటే వాడతారు. మగవాడు ఒక్కడే వస్తే మాత్రం ఆ మాట గుర్తురాదు. నా టి.ఏ. బిల్లుల్లో ఆఫీసర్లందరూ ఒక్కొక్కరే వెళ్ళారు.

ఆ అధికరణంలోకి హోటళ్ళు ఊరికే రాలేదు. 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్ళిన అంబేద్కర్‌కు ఆ ఊళ్ళో తల దాచుకునే చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాసి ఉన్నాడు. కొద్దిరోజులకు సంగతి తెలిసి కర్రలు పట్టుకుని మీదికొచ్చారు. విదేశాల్లో చదువుకొచ్చిన మనిషి ఆ పూట తోటలో కూర్చున్నాడు. ఇది ఆయనే రాసుకున్నాడు. బస దొరకకపోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఆ రాజ్యాంగం రాశారు.

డైరీలో నంబర్లు గుర్తొచ్చాయి. మొదటి హాస్టలుకు ఫోన్ చేస్తే వయసడిగారు. అరవై ఒకటి అన్నాను. "సారీ మేడం, పద్దెనిమిది నుంచి నలభై ఐదు వరకే" అన్నారు. ఆ 15వ అధికరణంలో వయసు కూడా లేదు మరి. రెండోచోట ఫోనెత్తిన కుర్రాడు, "ఆడవాళ్ళ గదిలో కింది మంచాలు అయిపోయాయి, పైది ఒకటుంది, నిచ్చెన ఎక్కగలరా?" అన్నాడు. ఆ ప్రశ్న నాకెంత నచ్చిందో చెప్పలేను. ఒక్కదానివే ఎందుకొచ్చావనలేదు. ఎక్కగలవా అన్నాడు. ఎక్కుతానన్నాను.

ఇంతకీ ఇవేమిటో తెలియనివాళ్ళకు చెప్తాను. వీపుకు సంచి తగిలించుకుని తక్కువ ఖర్చుతో ఊళ్ళు తిరిగేవాళ్ళ కోసం పెట్టినవి. గది అద్దెకివ్వరు, మంచం అద్దెకిస్తారు. రైలు బెర్తుల్లాగా ఒకదాని మీద ఒకటి. ఈ పద్ధతికి మూలం జర్మనీలో షిర్‌మన్ అనే బడిపంతులు. పిల్లలతో కాలినడకన వెళ్తూ 1909లో గాలివానలో చిక్కుకుని ఒక బళ్ళో తలదాచుకున్నాడు. సెలవుల్లో బళ్ళు ఖాళీగానే ఉంటాయి కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1912లో ఆల్టెనా అనే ఊళ్ళో పాత కోటలో మొదటి యూత్ హాస్టల్ పెట్టారు. మన దేశంలో ఇట్లా వ్యాపారంగా నడిచే బ్యాక్‌ప్యాకర్స్ హాస్టళ్ళు పెరిగింది గత పది పన్నెండేళ్ళలోనే.

గల్లీలోకి ఆటో రాదు. సంచి భుజాన వేసుకుని, ఆవులను తప్పించుకుంటూ, వెనక స్కూటరు హారన్లు వింటూ నడిచాను. లోపల గోడల నిండా బొమ్మలు, నేలమీద పరుపులు, గిటారు. నా పిల్లల వయసువాళ్ళు కాదు, మనవల వయసువాళ్ళు. రిజిస్టరులో పేరు, ఊరు, ఫోను రాయమన్నారు. తండ్రి లేక భర్త పేరు అన్న గడి కోసం వెతికాను. లేదు. ఆపద వస్తే ఎవరికి చెప్పాలి అన్న గడి ఉంది. ఇన్నేళ్ళూ ఏ ఫారంలోనైనా అక్కడ కొడుకు పేరు రాసేదాన్ని. ఆ రోజు స్నేహితురాలి పేరు రాశాను. ఆమె ఇక్కడే కూర్చుని ఉంది.

మంచానికి రాత్రికి ఐదువందలు. గదిలో ఆరు మంచాలు, అందరూ ఆడవాళ్ళే. ప్రతి మంచానికీ ఒక పరదా, చిన్న దీపం, ఫోనుకు ప్లగ్గు, కింద ఇనప అర. అరకు తాళం మనమే తెచ్చుకోవాలి. మర్నాడు అస్సీ దగ్గర అలీగఢ్ తాళం కొన్నాను. జర్మనీ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కేరళ నర్సు ఒకమ్మాయి, పుణేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకమ్మాయి, కొరియా నుంచి వచ్చిన విద్యార్థిని, ఇంకొకామె. ఒక మంచం మరుసటి రోజు నుంచి ఖాళీ. నర్సు నన్ను నిచ్చెన దగ్గర చూసి, ఏమీ అనకుండా తన దుప్పటి పైకి విసిరేసి కింది మంచం నాకు వదిలేసింది.

అక్కడంతా బాగుందని చెప్పను. రాత్రి రెండింటికి ఎవరో ఫోన్లో ఏడుస్తారు. స్నానాల గదులు రెండే, వేడినీళ్ళు మొదట లేచినవాళ్ళకే. నా తువ్వాలు పోయింది, ఇప్పటికీ దొరకలేదు. అయినా పరదా లాక్కుని పడుకున్నాక ఆ మూడడుగుల వెడల్పు మంచం మీద నాకు కలిగిన ధీమా, మా ఇంట్లో కూడా ఎప్పుడూ కలగలేదు. అక్కడ నేను ఎవరికీ అత్తను కాను, తల్లిని కాను, ఫలానావారి భార్యను కాను. పిల్లలు ఆంటీ అన్నారు, అది వేరే సంగతి.

ఆరు రోజులున్నాను. పొద్దున్నే అస్సీ ఘాట్ నుంచి మెట్లవెంట ఉత్తరానికి నడిచేదాన్ని. కేదార్ ఘాట్ దగ్గర పడవలవాళ్ళు తెలుగులోనే, "అమ్మా రండి, పడవ, పడవ" అని పిలుస్తారు. అక్కడికి మనవాళ్ళంత వస్తారు. పురోహితులు కూడా తెలుగులోనే అడిగారు, భర్తకా, అత్తమామలకా అని. చూడ్డానికొచ్చానంటే ఒకాయన నవ్వి, "చూడండమ్మా, చూడండి, డబ్బులేం తీసుకోం" అన్నాడు. హరిశ్చంద్ర ఘాట్‌లో కాసేపు నిలబడ్డాను. మదన్‌పురాలో మగ్గాల చప్పుడు విన్నాను. సార్నాథ్‌లో ధమేక్ స్తూపం నీడలో కూర్చుని పూరీలు తిన్నాను. ఎక్కడ కూర్చున్నా అరగంటకొకరు, "మాతాజీ, మీవాళ్ళు ఎటెళ్ళారు?" అనడిగారు. సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో హారతి చూసే గుంపులో ఆడవాళ్ళే ఎక్కువ. హారతి అయిన గంటకు మెట్లమీద మిగిలేది మగవాళ్ళు, కుక్కలు, నేను.

ఒక సంగతి నాకు అక్కడే తట్టింది. ఆ ఊళ్ళో విశ్వనాథుడి గుడిని 1780 ప్రాంతంలో తిరిగి కట్టించింది అహల్యాబాయి హోల్కర్. దుర్గాకుండం దగ్గరి ఎర్రరంగు గుడి కట్టించింది బెంగాల్లోని నాటోర్ రాణి భవాని. ఇద్దరూ భర్త పోయినవాళ్ళు. ఇద్దరూ రాజ్యం నడిపినవాళ్ళు. అహల్యాబాయి దేశమంతా ఘాట్లు, సత్రాలు కట్టించింది. ఆమె ఇప్పుడు ఒంటరిగా, పరివారం లేకుండా, సంచి పట్టుకుని వస్తే గది ఇస్తారా?

బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం గేటు ముందుకు కూడా వెళ్ళాను. 2017 సెప్టెంబరులో అక్కడి విద్యార్థినులు వేధింపులకు వ్యతిరేకంగా ధర్నాకు కూర్చున్నది ఆ గేటు దగ్గరే. వేధించినవాణ్ణి పట్టుకోమంటే, అంత పొద్దుపోయి ఎందుకు తిరుగుతున్నారని అడిగే పద్ధతి మీద వాళ్ళ కోపం. లాఠీచార్జి జరిగింది. అంతకు రెండేళ్ళ ముందు ఢిల్లీలో అమ్మాయిలు హాస్టల్ వేళల మీద పింజ్రా తోడ్ అని ఉద్యమం మొదలుపెట్టారు. పంజరం విరగ్గొట్టు అని అర్థం. ఒకే హాస్టల్ అన్న మాట, ఒకచోట గేటు, ఒకచోట పరదా.

ఇప్పుడు నేను చెప్పాలని వచ్చిన సంగతి.

నాలుగో రాత్రి నిద్రపట్టక కింద హాల్లో టీ తాగుతూ కూర్చున్నాను. పదకొండు దాటింది. ఒకమ్మాయి లోపలికొచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. కాలేజీ సంచి, చలికి చాలని స్వెట్టరు, ఒక చెంప ఎర్రగా ఉంది. మంచం కావాలంది. డబ్బు కౌంటరు మీద పెట్టింది. కుర్రాడు ఆధార్ కార్డు చూసి, "లోకల్ ఐడీ చెల్లదు" అన్నాడు. కార్డు మీద వారణాసి అడ్రసుంది. ఆ ఊరివాళ్ళకు మంచం ఇవ్వరట. గోడమీద ఇంగ్లీషులో రాసి కూడా ఉంది. నేను నాలుగు రోజులుగా దానికిందే కూర్చుని టీ తాగుతూ చదవలేదు.

కుర్రాణ్ణి అడిగితే కారణం చెప్పాడు. ఊళ్ళో మగపిల్లలు తాగడానికి వస్తారు, అమ్మాయిలను, విదేశీయులను ఇబ్బంది పెడతారు, అందుకని యజమాని పెట్టిన రూలు. నిజమే కావచ్చు. కానీ ఎదురుగా ఉన్నది మగపిల్లవాడు కాదే. తాగలేదే. యజమానికి ఫోన్ చేయించాం. ఆయన ఒక్క ముక్కలో వద్దన్నాడు. పుణే అమ్మాయి కిందికొచ్చి గట్టిగా వాదించింది. వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి కదా, మన దగ్గర సఖి కేంద్రాలంటాం, 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, అక్కడ కొద్దిరోజులు ఉండనిస్తారని నర్సు చెప్పింది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "వాళ్ళు ఇంటికి ఫోన్ చేస్తారు" అంది. పోలీసులకు చెప్దామన్నా అదే మాట. ఇంట్లో ఏమైందని మేం అడగలేదు. చెంప కనబడుతూనే ఉంది.

చివరికి కుర్రాడు తన ఉద్యోగం మీదికి తెచ్చుకుని ఒక మాటన్నాడు. "కుర్చీలో కూర్చోవచ్చు. మంచం ఇవ్వలేను." ఆమె కూర్చుంది. నేను, నర్సు వంతులవారీగా పక్కన కూర్చున్నాం. నా శాలువా ఇచ్చాను. పై అంతస్తులో మా గదిలో ఆరో మంచం ఖాళీగా, ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, నర్సుకు తెలుసు, కుర్రాడికి తెలుసు.

దాన్నీ వదిలెయ్యండి. నా మంచం ఉంది. నేను డబ్బు కట్టిన మంచం. నువ్వెళ్ళి నా మంచం మీద పడుకో, నేనీ కుర్చీలో కూర్చుంటాను అని అనొచ్చు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. నన్ను కూడా వెళ్ళిపొమ్మంటే? మళ్ళీ సంచి పట్టుకుని ఆ గల్లీల్లో, అర్ధరాత్రి? రెండు చోట్ల గెంటించుకున్నదాన్ని, మూడోచోట దొరికిన మంచాన్ని పట్టుకుని కూర్చున్నాను. నాంపల్లిలో ఆ కాపలావిడ నా విషయంలో చూపిన ధైర్యం నేను చూపలేకపోయాను. ఆమెది కూడా ఉద్యోగమే కదా. ఆమె పేరు కూడా నేనడగలేదు.

ఐదున్నరకు ఆ అమ్మాయి లేచి శాలువా మడిచి నా చేతికిచ్చింది. పిన్నిగారి ఊరికి మొదటి బస్సు పట్టుకుంటానంది. ఇంకా పొగమంచు విడవలేదు. సందు మలుపు దాకా వెళ్ళాను. నమస్తే చెప్పి వెళ్ళిపోయింది.

పొద్దున దుప్పట్లు మార్చే ఆవిడ వచ్చింది. నగ్వా వైపు నుంచి నడిచి వస్తుంది. రాత్రి సంగతి చెప్తే ఆశ్చర్యపోలేదు. "మాక్కూడా ఇక్కడ మంచం ఇవ్వరు దీదీ, మాదీ ఈ ఊరే కదా" అని, మంచం ధర ఎంతని అడిగింది. చెప్పాను. "ఒక్క రాత్రికా?" అంది. ఆ ఆరో మంచం దుప్పటి కూడా దులిపి మళ్ళీ పరిచింది, ఎవరూ పడుకోకపోయినా.

మనం ఇటువంటి సమావేశాల్లో దూరప్రయాణాల గురించి మాట్లాడతాం, బాగుంటుంది. నాకూ బాగుంది. కానీ చాలామంది ఆడవాళ్ళకు పరాయి ఊళ్ళో కంటే ముందు సొంత ఊళ్ళో ఒక రాత్రికి మంచం కావాలి. ఇల్లు వదిలి రాత్రి పదకొండింటికి బయటపడినదానికి మన హనుమకొండలో, వరంగల్లో ఎక్కడ దొరుకుతుంది? సఖి కేంద్రానికి వెళ్ళొచ్చు, తెలిస్తే, ధైర్యం చేస్తే, అక్కడ చోటుంటే. వర్కింగ్ విమెన్స్ హాస్టళ్ళున్నాయి, ఉద్యోగం కాగితం, పెద్దవాళ్ళ సంతకం తెమ్మంటారు. లాడ్జీలున్నాయి. అవి ఏమంటాయో 1999లో విన్నాను, ఇప్పుడేమంటున్నాయో తెలుసుకోవాలి.

అందుకని నేనొక పని అనుకున్నాను, నిర్వాహకులతో కూడా మాట్లాడాను. మనలో కొందరం ఒక్కొక్కరుగా, ఆధార్ కార్డు, డబ్బు పట్టుకుని, రాత్రి ఎనిమిది తర్వాత లాడ్జీలకు వెళ్ళి ఒక రాత్రికి గది అడుగుదాం. పెళ్ళైనవాళ్ళు, కానివాళ్ళు, ముసలివాళ్ళు, బురఖా వేసుకునేవాళ్ళు, అందరూ. ఇస్తే ఇచ్చారని రాద్దాం. ఇవ్వకపోతే కారణం కాగితం మీద రాసిమ్మందాం. రాసివ్వరనుకోండి, తారీఖు, టైము, అన్నమాట అన్నట్టు మనమే రాసుకుందాం. టైపు నేను కొడతాను, ఆ పని నాకొచ్చు. ఎవరూ నిజంగా ఒక్కరే వెళ్ళక్కరలేదు, సందు చివర ఇద్దరు నిలబడి ఉంటారు.

బస్టాండు దగ్గరివి నేను తీసుకున్నాను. ఖాజీపేట స్టేషను దగ్గరివి, వరంగల్ స్టేషను దగ్గరివి, చౌరస్తావి మిగిలున్నాయి. టీ తాగే టేబుల్ మీద పుస్తకం పెట్టాను, పేరు, వెళ్ళగలిగే రోజు రాయండి. భర్త పేరు రాయక్కరలేదు.